ఒడిల కూసోబెట్టుకుంటే బిడ్డ భద్రం కాదు

పోయిన మాఘమాసంల చెర్వుగట్టు జాతరకు పోయినం. ఐదుగురు కూసునే కార్ల ఎనిమిది మందిమి. డ్రైవింగ్ నేనే. పక్క సీట్ల మా అక్క, ఆమె ఒడిల మూడేండ్ల నా మేనకోడలు. ఎనుక అమ్మ, పెద్దమ్మ, బావ, ఇద్దరు పోరగాండ్లు. రాత్రి గట్టు దిగి నల్లగొండ దిక్కు వస్తుంటే ముందల వరిగడ్డి ట్రాక్టర్ ఉన్నది. దానికి ఎనుక లైట్ లేదు. దగ్గరికి వచ్చేదాక కనిపించలె. బ్రేక్ గట్టిగ తొక్కిన. కారు ట్రాక్టర్‌ను తాకకుంటనే ఆగింది. గాని బిడ్డ అక్క చేతులకెళ్లి జారి డ్యాష్‌బోర్డుకు కొట్టుకున్నది. నొసటి మీద ఐదు కుట్లు పడ్డయి.

దవాఖాన బయట అక్క ఒక్కటే మాట అన్నది: “నేను గట్టిగనే పట్టుకున్న తమ్మీ.”

నిజమే, ఆమె గట్టిగనే పట్టుకున్నది. ఆ మాట అర్థం చేసుకునుడు కోసమే నేను ఈ సంగతులన్నీ చదివిన. ఊర్లల్ల ఇప్పుడు కార్లు పెరిగినయి. ఫైనాన్స్ మీదనో, సెకండ్ హ్యాండో, ఇంటికొకటి అన్నట్టు అయితున్నది. స్టీరింగ్ మీద కూసునేది ఎక్కువ మటుకు మన వయసోళ్లే. అందుకే మీకు చెప్తున్న.

చేతులు ఎందుకు ఆపలేవు

లెక్క సులువు. గంటకు 60 కిలోమీటర్ల స్పీడ్ అంటే సెకనుకు దగ్గర దగ్గర 17 మీటర్లు. ఆ స్పీడ్ల కారు దేన్నన్న గుద్ది సెకనుల పదో వంతుల ఆగిందనుకోండి. కారు ఆగుతది గాని లోపల ఉన్న మనిషి ఆగడు, అదే స్పీడ్ల ముందుకు పోతడు. 10 కిలోల బిడ్డను ఆ పదో వంతు సెకనుల ఆపాలంటే 170 కిలోల బరువును పట్టుకున్నంత బలం కావాలె. అంటే దాదాపు నాలుగు యూరియా బస్తాలు. ఏ తల్లి చేతులు గంత బరువు ఆపుతయి?

ఇంకో సంగతి ఉన్నది. తల్లి కూడ బెల్టు పెట్టుకోకపోతే ఆమె కూడ ముందుకే పడుతది. 60 కిలోల మనిషి బరువు ఆ క్షణంల టన్ను దాక అయితది. ముందల డ్యాష్‌బోర్డు, ఎనుక తల్లి, నడుమ బిడ్డ. ప్రేమతోని పట్టుకున్న ఒడే బిడ్డను నలిపేస్తది. ఒక్క బెల్టునే తల్లికి, బిడ్డకు కలిపి చుట్టినా ఇదే ప్రమాదం.

మాది వట్టి బ్రేకే. బ్రేక్‌కే ఐదు కుట్లు పడితే, గుద్దితే ఏమైతుండెనో ఆ రాత్రి నాకు నిద్ర పట్టనియ్యలె.

60 స్పీడ్ల గుద్దుడంటే 14 మీటర్ల ఎత్తుకెళ్లి కింద పడ్డట్టు. అంటే నాలుగంతస్తుల బిల్డింగ్. బిడ్డను ఆ మిద్దె అంచున కూసోబెట్టమంటే మన పానం ఒప్పదు. కార్ల మాత్రం రోజూ కూసోబెడుతున్నం.

మన జిల్లా రోడ్డే చెప్పిన పాఠం

2018 ఆగస్టు 29 పొద్దున నల్లగొండ జిల్లా అన్నెపర్తి కాడ నందమూరి హరికృష్ణ కారు ప్రమాదంల సచ్చిపోయిండు. కారు ఆయనే నడుపుతున్నడు. బెల్టు పెట్టుకోలేదు, బండిల నుంచి బయటికి ఎగిరి పడ్డడు. కామినేని దవాఖానకు తీస్కపోయినా బతకలె. తండ్రి ఎన్టీఆర్ చైతన్య రథాన్ని రాష్ట్రమంత తిప్పిన డ్రైవర్ ఆయన. అనుభవం తక్కువా? బండి చిన్నదా? రెండూ కాదు. అంతకు నాలుగేండ్ల ముందు, 2014 డిసెంబర్ 6న ఆయన పెద్ద కొడుకు జానకిరామ్ మునగాల మండలం ఆకుపాముల కాడ ట్రాక్టర్‌ను గుద్దుకొని పోయిండు. అప్పుడది కూడ నల్లగొండ జిల్లానే. తండ్రీ కొడుకులిద్దరినీ మన జిల్లా రోడ్లే మింగినయి.

“ఎనుక కూసున్నోళ్లకు బెల్టు ఎందుకు?” అని అడిగేటోళ్లకు ఇంకో ఉదాహరణ. 2022 సెప్టెంబర్ 4న మహారాష్ట్ర పాల్ఘర్ కాడ టాటా సన్స్ మాజీ చైర్మన్ సైరస్ మిస్త్రీ కారు డివైడర్‌ను గుద్దింది. ఖరీదైన బండి ఎనుక సీట్ల బెల్టు లేకుంట కూసున్న ఇద్దరు పోయిన్రు. ముందల కూసున్న ఇద్దరు దెబ్బలతోని బతికిన్రు.

కేంద్ర రోడ్డు రవాణా శాఖ లెక్కల ప్రకారం 2022ల దేశంల రోడ్డు ప్రమాదాలల్ల 1,68,491 మంది పోయిన్రు. అందుల సీటు బెల్టు పెట్టుకోక పోయినోళ్లు 16,715 మంది. ఈళ్లల్ల డ్రైవర్లు 8,384 మంది, మిగిలిన 8,331 మంది పక్కన, ఎనుక కూసున్నోళ్లు. అంటే పక్కోని పానం కూడ డ్రైవర్ పానమంతే.

పిల్లల సీటు అంటే ఏంది

పెద్దోళ్ల బెల్టు పిల్లలకు సరిపోదు. మన సీటు బెల్టు తుంటి ఎముక మీద, భుజం నడిమిట్ల ఆనాలె. చిన్న పిల్లలకు అది మెడకు, మెత్తటి కడుపుకు పడుతది. గుద్దినప్పుడు బెల్టే కోస్తది. అందుకే పిల్లలకు వేరే సీటు చేసిన్రు. దాన్ని కారు సీటుకు బిగించి, బిడ్డను ఆ సీటుకున్న పట్టీలతోని బిగిస్తరు.

చంటిపిల్లలు ఎనుక దిక్కు మొఖం పెట్టి కూసోవాలె. వాళ్ల తల బరువు ఎక్కువ, మెడ లేత. కారు టక్కున ఆగితే తల ముందుకు ఊగకుంట సీటు వీపే దెబ్బను తీసుకుంటది. ఏడాది నిండంగనే తిప్పాలని తొందర వద్దు. సీటు మీద రాసిన బరువు, ఎత్తు దాటేదాక ఎనుక దిక్కే మంచిది. తర్వాత నాలుగేండ్ల దాక ముందు దిక్కు మొఖం, ఐదు పట్టీల సీటు. ఆ మీద బూస్టర్ సీటు. అది పిల్లగాన్ని కొంచెం ఎత్తుకు లేపుతది, పెద్దోళ్ల బెల్టు సరైన జాగల పడుతది. ఎత్తు 135 నుంచి 150 సెంటీమీటర్లు అయ్యేదాక బూస్టర్ కావాలె. అంటే పదేండ్లు దాటినా కొందరికి అవసరమే.

కొనేటప్పుడు ఏఐఎస్ 072 అనో, ఆర్44, ఆర్129 అనో ముద్ర ఉన్నదా చూడండి. మీ కార్ల ఐసోఫిక్స్ కొండీలు ఉంటే వాటికే బిగించొచ్చు. ఎనుక సీటు వీపుకు, కూసునే జాగకు నడుమ చెయ్యి పెడితే ఇనుప కడ్డీలు తగులుతయి. లేకపోతే సీటు బెల్టుతోని బిగించేవి దొరుకుతయి. బిగించినంక పట్టి గుంజి చూడాలె. వేలెడు దూరం కంటే ఎక్కువ కదిలితే సరిగ బిగించలేదన్నట్టే. యాక్సిడెంట్ అయిన కార్ల నుంచి తీసిన పాత సీటు ఫ్రీగా ఇచ్చినా తీసుకోవద్దు, లోపల పగిలింది బయటికి కనిపించదు.

“అన్నా, గంత పైసలెక్కడివి?” అంటరు. మామూలు సీటు ఐదారు వేల నుంచి దొరుకుతది. అలాయ్ చక్రాలకు, సౌండ్ బాక్సులకు మనం అంతకు మించే పెడుతున్నం. ఆ ఖర్చు తప్పని అంటలేను, ముందుగల ఏది కొనాల్నో చూసుకోవాలె గంతే. ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పేది ఏందంటే సరైన సీటు చంటిపిల్లల సావులను 71 శాతం దాక తగ్గిస్తది, సీటు బెల్టు కార్ల ఉన్నోళ్ల సావు ముప్పును సగం దాక తగ్గిస్తది.

సీటు కొనేదాక ఏం చెయ్యాలె? బిడ్డను ముందల సీట్ల మాత్రం పెట్టొద్దు. ఎనుక కూసోబెట్టి, బెల్టు పట్టే వయసుంటే ఒక్కరికి ఒక్క బెల్టు పెట్టాలె. మెల్లగ పోవాలె. ఇది సీటుకు బదులు కాదు, ఒడి కంటే నయం.

ఎయిర్ బ్యాగ్ బిడ్డకు మెత్త కాదు

ఎయిర్ బ్యాగ్ గంటకు 200 కిలోమీటర్ల పైన వేగంతోని తెరుచుకుంటది, రెప్ప కొట్టేలోపే. బెల్టు పెట్టుకున్న పెద్ద మనిషికి అది కాపు. ముందల సీట్ల ఒడిల ఉన్న బిడ్డకు అది గుద్దుడే. అందుకే ఎనుక దిక్కు మొఖం పెట్టే సీటును పనిచేసే ఎయిర్ బ్యాగ్ ముందల ఎప్పుడూ బిగించొద్దు. డ్యాష్‌బోర్డు మీద కాళ్లు పెట్టి కూసునేటోళ్లకు కూడ ఇదే హెచ్చరిక.

ముందల ఇనుప గార్డు బిగించినోళ్లు మనూర్లల్ల మస్తు మంది. అది ఢీకొట్టిన దెబ్బను కారు ముందు భాగం తీసుకోనియ్యదు, ఎయిర్ బ్యాగ్ సెన్సర్ లెక్కను తప్పిస్తది. ఎదురుగ నడిచేటోళ్లకు, బైకోళ్లకు ఇంకా ప్రమాదం. గిట్లాంటి గార్డుల మీద చర్య తీసుకోవాలని కేంద్రం 2017 డిసెంబర్‌లనే రాష్ట్రాలకు చెప్పింది.

బెల్టు పెట్టుకోకుంట మోత ఆపే క్లిప్పులు కూడ ఆన్‌లైన్ల అమ్మిన్రు. 2023 మేల కేంద్ర వినియోగదారుల రక్షణ సంస్థ వాటిని తీసేయమని ఆర్డర్ ఇస్తే, ఐదు ఆన్‌లైన్ కంపెనీలు 13,118 అమ్మకపు పేజీలు తీసేసినయి. మనల్ని మనమే మోసం చేసుకునే సామానుకు గంత గిరాకీ ఉన్నది మరి!

చట్టం ఏమంటది

2019 సెప్టెంబర్ 1 నుంచి అమల్లకు వచ్చిన మోటారు వాహనాల సవరణ చట్టంల 194బి సెక్షన్ ఉన్నది. బెల్టు లేకుంట నడిపితే వెయ్యి రూపాయల జరిమానా. 14 ఏండ్లు నిండని పిల్లలకు బెల్టు గాని, పిల్లల సీటు గాని లేకుంట బండి నడిపినా ఇంకో వెయ్యి. 199ఎ సెక్షన్ ఇంకా గట్టిది. 18 ఏండ్లు నిండని పోరగాడు బండి నడిపి నేరం చేస్తే బండి ఓనర్‌కో, తల్లిదండ్రులకో మూడేండ్ల దాక జైలు, 25 వేల జరిమానా. బండి రిజిస్ట్రేషన్ ఏడాది రద్దు. ఆ పోరనికి 25 ఏండ్లు వచ్చేదాక లైసెన్స్ రాదు. పొలం కాడికే కదా అని తాళం చేతికిచ్చే ముందు ఇది యాదికుంచుకోండి.

కారు లేనోళ్ల సంగతి కూడ ఉన్నది. బైక్ మీద తొమ్మిది నెలల నుంచి నాలుగేండ్ల పిల్లలను తీస్కపోతే నడిపేటాయనకు కట్టే పట్టీ, పిల్లగానికి హెల్మెట్ ఉండాలె, స్పీడ్ 40 దాటొద్దు. 2022 ఫిబ్రవరిల వచ్చిన రూల్ ఇది.

ఆగి ఉన్న కారు కూడ

మన ఎండల సంగతి వేరే చెప్పాల్నా? నల్లగొండల ఎండాకాలం 45 డిగ్రీల దాక పోతది. అద్దాలు మూసిన కార్ల పది నిమిషాలకే వేడి పది డిగ్రీలకు పైన పెరుగుతది. పిల్లల ఒళ్లు పెద్దోళ్ల కంటే మూడు నుంచి ఐదు రెట్లు జల్ది వేడెక్కుతది. 2025 ఏప్రిల్ 14న చేవెళ్ల మండలం దామరగిద్దల ఇద్దరు చిన్న పిల్లలు ఆడుకుంట కారెక్కి, డోర్ పడి లోపలనే పోయిన్రు. నెల దాటంగనే మే 18న విజయనగరం కాడ ద్వారపూడిల నలుగురు పిల్లలు అట్లనే పోయిన్రు. కారు ఆపినంక ప్రతిసారి లాక్ చెయ్యాలె. తాళంచెవి పిల్లలకు అందొద్దు. పిల్లగాడు కనిపించకపోతే బాయి కంటే ముందు, సంపు కంటే ముందు కారు తెరిచి చూడాలె.

బయలెల్లే ముందు

కురుమూర్తి జాతరకు పోయినా, శ్రీశైలం ఘాట్ రోడ్డెక్కినా, సంక్రాంతికి హైదరాబాద్–విజయవాడ రోడ్డు మీద పోయినా ఇవి చూసుకోండి.

కార్ల ఎన్ని బెల్టులో అంతమందే ఎక్కాలె. ఎక్కువుంటే రెండు ట్రిప్పులు, లేకపోతే బస్సు. ఎనుక డోర్లకు చైల్డ్ లాక్ వెయ్యాలె. పిల్లలను సన్‌రూఫ్‌లకెళ్లి నిలబడనియ్యొద్దు. బిందెలు, కొబ్బరికాయల సంచి, గ్యాస్ స్టవ్ డిక్కిల పెట్టాలె. సీటు ఎనుక పలక మీద పెడితే బ్రేక్ కొట్టంగనే అవి ఎగిరొచ్చి తలకు తగులుతయి. కడుపుతోని ఉన్న ఆడిబిడ్డలు బెల్టు మానొద్దు, కింద పట్టీ కడుపు కిందికెళ్లి తుంటి మీద, పై పట్టీ రొమ్ముల నడుమకెళ్లి పోవాలె. టైర్ల గాలి, అరుగుదల చూడాలె. రాత్రి స్పీడ్ తగ్గించాలె, వరికోతలప్పుడు రోడ్డు మీద వడ్ల కుప్పలుంటయి, లైట్ లేని ట్రాక్టర్లుంటయి. ప్రమాదం చూస్తే 108కు, హైవే మీదైతే 1033కు ఫోన్ చెయ్యండి. సాయం చేసినోళ్లను కేసులల్ల ఇరికించకుంట 134ఎ సెక్షన్ కాపాడుతది, భయపడొద్దు.

కొత్త కారు కొనేటోళ్లు మైలేజీ ఒక్కటే అడగకండి. 2023 అక్టోబర్ 1 నుంచి భారత్ ఎన్‌క్యాప్ పరీక్షలు నడుస్తున్నయి. పెద్దోళ్ల భద్రతకు, పిల్లల భద్రతకు వేరే వేరే స్టార్లు ఇస్తరు. షోరూంల ఆ రెండోది అడగండి.

ఇంటికొచ్చినంక నేను మొదలు చేసిన పని సీటు కవర్ లేపుడు. కారు కొన్నప్పుడు వేయించిన రెగ్జిన్ కవర్ కింద ఎనుక బెల్టుల బకిల్స్ మూడూ మూసుకపోయి ఉన్నయి. రెండేండ్ల సంది మేం వాటి మీదనే కూసున్నం. బ్లేడుతోని కోసి బయటికి తీసిన. తర్వాత అక్క, నేను చెరిసగం వేసుకొని సీటు కొన్నం. మొదటి వారం బిడ్డ మస్తు ఏడ్చింది, అక్క పానం ఆగక తీసేద్దామన్నది. తియ్యలె. ఇప్పుడు నేను బండి స్టార్ట్ చేస్తే ఎనుకకెళ్లి “మామా, నీ బెల్టు” అని అడుగుతది. నొసటి మీద గీత ఇంకా ఉన్నది.

మీ కారు బయట నిలబడే ఉంటది కదా. జర పోయి ఆ సీటు కవర్ లేపి చూడండి.