హీట్‌సింక్ పట్టు: క్లిప్పు నుంచి నాలుగు పిన్నుల దాకా

ఆదోని అంటే పత్తి మార్కెట్, జిన్నింగ్ మిల్లులు. ఎమ్మిగనూరు అంటే మగ్గాలు, 1938లో మాచాని సోమప్ప స్థాపించిన చేనేత సహకార సంఘం. ఎండాకాలంలో ఈ రెండు ఊళ్లలోనూ వేడి 40 డిగ్రీలు దాటుతుంది. ఎండ, దుమ్ము, పత్తి నూగు కలిసిన చోట కంప్యూటర్ ప్రాసెసర్‌ను కాపాడేది దాని నెత్తిన కూర్చున్న హీట్‌సింక్. అది ఎంత పెద్దదైనా, సమంగా బిగుసుకుని ఉంటేనే పనికొస్తుంది. ఆ బిగింపు నేటి రూపానికి రావడానికి చాలా ఏళ్లు పట్టింది.

1985లో వచ్చిన ఇంటెల్ 386కు మామూలుగా హీట్‌సింకే అక్కర్లేదు. 1992 నాటి 486 డీఎక్స్2తో ఆ అవసరం కనిపించింది. మరుసటి ఏడు పెంటియమ్ వచ్చేసరికి ఫ్యాన్ కూడా తోడైంది. అప్పట్లో సాకెట్ అంచున ఉండే ప్లాస్టిక్ కొక్కేలకు స్ప్రింగు క్లిప్పు తగిలించేవారు. బరువంతా సాకెట్ మీదే.

ఈ పద్ధతిలోని ప్రమాదం 2000లో ఏఎండీ తెచ్చిన సాకెట్ ఏతో బయటపడింది. ఆ ప్రాసెసర్లకు లోహపు మూత లేదు, సిలికాన్ ముక్క పైకే కనిపించేది. క్లిప్పు నొక్కేటప్పుడు హీట్‌సింక్ ఒక పక్కకు ఒరిగితే ఆ సిలికాన్ మూల పగిలిపోయేది. స్క్రూడ్రైవర్ జారితే మదర్‌బోర్డ్ దెబ్బతినేది.

2001లో ఇంటెల్ సాకెట్ 478 హీట్‌సింక్ బరువును మదర్‌బోర్డ్‌కు బిగించిన ఫ్రేము మీదికి మార్చింది. పెంటియమ్ 4కు లోహపు మూత కూడా ఉండేది. 2004లో ఎల్‌జీఏ 775 వచ్చింది. ఆ తరంలో కొన్ని ప్రాసెసర్లు 115 వాట్ల దాకా వేడి పుట్టించేవి. హీట్‌సింక్ నుంచి నేరుగా మదర్‌బోర్డ్ రంధ్రాల్లో దిగే నాలుగు ప్లాస్టిక్ పిన్నులు ఇంటెల్ కూలర్లకు ఈ సాకెట్‌తో వచ్చాయి. రిపేరు బల్లల మీద నేటికీ ఎక్కువగా కనిపించేవి ఇవే.

వీటిని ఎదురెదురు మూలల చొప్పున నొక్కాలి. ఒక్కొక్కటీ టక్కుమనాలి. తర్వాత బోర్డు వెనక్కి తిప్పి, నాలుగు తెల్లటి కొసలూ పూర్తిగా బయటికొచ్చాయో లేదో చూడాలి. ఒక్కటి దిగకపోయినా ఆ మూల హీట్‌సింక్ లేచి, మధ్యలో గాలి చేరుతుంది. అల్యూమినియంతో పోలిస్తే గాలి వేల రెట్లు తక్కువగా వేడిని మోస్తుంది. థర్మల్ పేస్ట్ సన్నని గరుకుల్లోని గాలిని తరిమేయగలదు గానీ, లేచిన మూలను పూడ్చలేదు.

2021లో వచ్చిన ఎల్‌జీఏ 1700లో రంధ్రాల మధ్య దూరం 75 నుంచి 78 మిల్లీమీటర్లకు పెరిగింది. అందుకే పాత కూలర్‌ను దానికి తగిన బిగింపు కిట్ లేకుండా కొత్త బోర్డు మీద పెట్టకూడదు.

ఎండలు ముదరకముందే ఒకసారి కరెంటు తీసేసి క్యాబినెట్ విప్పండి. హీట్‌సింక్ రెక్కల్లో పట్టిన నూగును బ్రష్‌తో దులపండి. హీట్‌సింక్ ఊడదీసినట్లయితే పాత పేస్ట్ తుడిచి కొత్తది రాయండి. నాలుగు మూలలూ బిగిశాయని కళ్లారా చూశాకే స్విచ్ వేయండి.