పసుపునకు రంగే ప్రాణం

ఆర్మూర్: వంటకైనా, శుభకార్యానికైనా తెలుగువారి ఇంట ముందుగా ఉండవలసినది పసుపు. నిజామాబాద్ జిల్లాలోని ఆర్మూర్, బాల్కొండ ప్రాంతాల రైతులకు ఇది తరతరాల వాణిజ్య పంట. ఈ దుంపకు విలువ తెచ్చేది దానిలోని రంగే. ఆ రంగును అడ్డుపెట్టుకొనే కల్తీ కూడా జరుగుతుండటం గమనార్హం.

తొమ్మిది నెలల శ్రమ

పసుపు అల్లం కుటుంబానికి చెందిన మొక్క. శాస్త్రీయ నామం కుర్కుమా లాంగా. జూన్, జులై నెలల్లో విత్తన దుంపలు నాటితే జనవరి నుంచి మార్చి వరకు తవ్వకాలు సాగుతాయి. జిల్లాలో మొక్కజొన్నను అంతర పంటగా వేస్తారు. తవ్విన పసుపులో కొమ్ములను, మండలను వేరు చేసి, మెత్తబడే వరకు ఉడికించి, 10 నుంచి 15 రోజులు ఎండబెడతారు. అనంతరం డ్రమ్ముల్లో తిప్పి మెరుగు పెడతారు. ఉడికించడం వల్ల పచ్చివాసన పోయి, రంగు దుంప అంతటా సమంగా పరచుకుంటుంది. ఎక్కువ ఉడికితే రంగు చెడుతుంది, తక్కువైతే కొమ్ము పెళుసుబారుతుంది. 100 కిలోల పచ్చి పసుపు ఎండితే మిగిలేది సుమారు 20 కిలోలే.

కుర్కుమిన్ మహిమ

పసుపు వర్ణానికి మూలం కుర్కుమిన్ అనే పదార్థం. రకాన్ని బట్టి ఇది సాధారణంగా 2 నుంచి 6 శాతం వరకు ఉంటుంది. కోజికోడ్‌లోని భారతీయ సుగంధ ద్రవ్యాల పరిశోధన సంస్థ రూపొందించిన ప్రగతి రకంలో దాదాపు 5 శాతం ఉంటుంది. పైగా ఆ రకం ఆరు నెలలకే చేతికి వస్తుంది. పటిక వంటివి కలపకుండానే పసుపు రంగు బట్టకు పట్టుకుంటుంది. అయితే ఎండ తగిలితే వెలిసిపోతుంది. సున్నం కలిస్తే ఎర్రబడుతుంది. సంప్రదాయ కుంకుమ తయారీకి, దిష్టి తీసే ఎర్రనీళ్లకు ఈ గుణమే ఆధారం.

గాయాలు మాన్పేందుకు పసుపును వాడటంపై 1995లో అమెరికాలో పేటెంటు మంజూరైంది. ఇది తరతరాలుగా తెలిసిన వైద్యమేనని భారత శాస్త్రీయ, పారిశ్రామిక పరిశోధన మండలి ఆధారాలు చూపడంతో 1997లో అది రద్దయింది.

మద్దతు ధర లేని పంట

కేంద్రం ప్రకటించే కనీస మద్దతు ధరల జాబితాలో పసుపు లేదు. గిట్టుబాటు ధర, పసుపు బోర్డు కోరుతూ 2019 లోక్‌సభ ఎన్నికల్లో రైతులు పెద్దసంఖ్యలో నామినేషన్లు వేయగా, నిజామాబాద్ స్థానంలో 185 మంది బరిలో నిలిచారు. జాతీయ పసుపు బోర్డు నిజామాబాద్ కేంద్రంగా 2025 జనవరి 14న ప్రారంభమైంది. మద్దతు ధర కోరిక మాత్రం మిగిలే ఉంది.

కల్తీని గుర్తించండిలా

నాసిరకం పసుపునకు మెరుపు తెచ్చేందుకు మెటానిల్ ఎల్లో అనే రంగును, లెడ్ క్రోమేట్‌ను కలిపే అక్రమార్కులున్నారు. లెడ్ క్రోమేట్‌లోని సీసం పిల్లల మెదడు ఎదుగుదలను దెబ్బతీస్తుంది. గ్లాసు నీటిలో చెంచా పొడి వేసి కదపకుండా ఉంచితే అసలు పసుపు అడుగున చేరి, పైనీరు లేత పసుపు రంగులో ఉంటుంది. నీరు ముదురు పసుపు రంగులోకి మారితే రంగు కలిసిందని అనుమానించాలి. కొమ్ములు కొని శుభ్రం చేసి మర పట్టించుకోవడం మేలు. నీటిలో వేసిన కొమ్ము వెంటనే చిక్కని రంగు వదిలితే దానినీ వాడరాదు.