తుపాను హెచ్చరికలు – ప్రజల నమ్మకం (కోస్తాంధ్ర)

తుపాను ఎక్కడ, ఎప్పుడు తీరం దాటుతుందో చెప్పేది భారత వాతావరణ శాఖ. ఇల్లు వదిలి రమ్మని అడిగేది మాత్రం కలెక్టర్, తహసీల్దార్, పంచాయతీ. జనం ప్రభుత్వాన్ని నమ్మడం, నమ్మకపోవడం ఎక్కువగా ఈ రెండో చోటే తేలుతుంది. 2005 నాటి విపత్తు నిర్వహణ చట్టం జిల్లా స్థాయి సంస్థకు కలెక్టర్‌ను అధ్యక్షుణ్ణి చేసి, స్థానిక సంస్థకు ఎన్నికైన ప్రతినిధిని ఆయనకు సహాధ్యక్షుడిగా పెట్టింది.

1977 నవంబరు 19న దివిసీమ మీద సుమారు 5 మీటర్ల ఎత్తున ఉప్పెన విరుచుకుపడింది. అధికారిక లెక్కల్లోనే దాదాపు పదివేల మంది చనిపోయారు. తుపాను వస్తోందని వినడం వేరు, సముద్రం ఊళ్లోకి వస్తుందని గ్రహించడం వేరు. ఆ రెండో సంగతి చెప్పే ఏర్పాటు ఆనాడు ఊళ్లలో లేదు. 1990 మే 9న కృష్ణా ముఖద్వారం దగ్గర మరో తీవ్ర తుపాను తీరం దాటింది. అప్పటికి తుపాను షెల్టర్లు వచ్చాయి, లక్షల మందిని ముందే తరలించారు. మృతులు వెయ్యి లోపే. తేడా అంతా హెచ్చరికదే అనలేం కానీ, అది లేకుండా ఈ తేడా వచ్చేది కాదు.

హెచ్చరిక చేరినా అర్థం తప్పే ప్రమాదం ఉంది. ఓడరేవుల్లో ఎగరేసే 1 నుంచి 11 వరకు ప్రమాద సూచికలు నావికుల కోసం పుట్టినవి. ఎనిమిది కంటే పది ఎక్కువ తీవ్రమని వార్తలు వినేవాళ్లు అనుకోవడం సహజం. నిజానికి 8, 9, 10 మూడూ మహా ప్రమాద సూచికలే. తుపాను రేవుకు ఏ పక్క నుంచి వెళ్తుందో, నేరుగా మీదికే వస్తుందో మాత్రమే అంకె చెబుతుంది. పదకొండోది వాతావరణ కేంద్రంతో సంబంధాలు తెగిపోయాయని సూచిస్తుంది. ఈ అంకెలను వివరణ లేకుండా ఊళ్లకు చేరవేయడం తప్పు. "సాయంత్రానికి మీ వీధిలో మొలలోతు నీళ్లు వస్తాయి" అంటే ఎవరికైనా అర్థమవుతుంది.

దండోరా, మైకు ఆటో, ఇప్పుడు సెల్‌ఫోన్ సందేశం: సాధనాలు మారాయి. అయినా ఇల్లు కదలాలంటే గొడ్డూ గోదా ఏమవుతాయి, వల, పడవ ఎవరు చూస్తారు, షెల్టర్‌లో ఆడవాళ్లకు మరుగుదొడ్డి ఉందా అన్నవి ముందు తేలాలి. వీటికి జవాబు లేని హెచ్చరికను జనం లెక్కచేయకపోతే అది మూర్ఖత్వం కాదు.

2021 డిసెంబరులో జవాద్ తుపాను తీరం చేరకముందే బలహీనపడింది. ఇలాంటప్పుడు అధికారులు మౌనంగా ఉండిపోతే, తరువాతి పిలుపుకు తలుపులు తెరుచుకోవు. తుపాను ఎందుకు బలహీనపడిందో, తరలింపు ఎందుకు అవసరమైందో ఆ వారంలోనే ఊళ్లో చెప్పాలి. బుద్ధిపూర్వకంగా తప్పుడు హెచ్చరిక పుట్టించేవారికి విపత్తు నిర్వహణ చట్టంలోని 54వ సెక్షన్ ఏడాది వరకు జైలుశిక్ష లేదా జరిమానా విధిస్తుంది. అయితే పుకారుకు చోటిచ్చేది చాలాసార్లు అధికారిక సమాచారం ఆలస్యం కావడమే.

2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను విశాఖపట్నంలో కరెంటునూ ఫోన్లనూ ఒక్కసారే కూల్చింది. ముందస్తు హెచ్చరిక సరిగానే అందిన నగరంలో, నీళ్లు ఎక్కడ దొరుకుతాయి, కరెంటు ఎప్పుడొస్తుంది అన్న ప్రశ్నలే ఆ తరువాతి రోజులను నింపాయి. సెల్ టవర్లు పడిపోయినప్పుడు వీధివీధికీ మనిషి వెళ్లి చెప్పడం తప్ప దారి లేదు. ఆ మనిషి ఏ భాషలో చెబుతాడన్నదీ ముఖ్యమే. రొయ్యల చెరువు గట్టున గుడిసెలో ఉండే ఒడియా కూలీకి తెలుగు మైకు చాలదు.