యాఖిమోవ్: డాలరు పుట్టిన లోయ

విదేశాల్లో స్థిరపడిన మనలో చాలామంది డాలర్లలో జీతం తీసుకుంటాం. ఆ పేరు మాత్రం అమెరికాలో పుట్టినది కాదు. చెక్ రిపబ్లిక్ వాయవ్యాన, జర్మనీ సరిహద్దును ఆనుకొని ఉన్న ఖనిజ పర్వతాల నడుమ యాఖిమోవ్ అనే చిన్న పట్టణం ఉంది. జర్మన్‌లో దాని పాత పేరు యోఆఖిమ్స్‌టాల్, అంటే యోఆఖిముని లోయ. ఇక్కడి వెండి నాణేన్ని మొదట యోఆఖిమ్స్‌టాలర్ అన్నారు. జనం నోట అది టాలర్‌గా కుదించుకుపోయి, రూపం మార్చుకుంటూ ఇంగ్లీషులో డాలర్ అయింది. 1785లో అమెరికన్ కాంగ్రెస్ తమ ద్రవ్యానికి ఆ పేరునే ఎంచుకుంది. నాణేల చరిత్రలో ఈ ఊరిది పెద్ద పేరు. వైద్య చరిత్రలోనూ దానికి అంతే స్థానం ఉంది.

వెండి దొరకడంతో ప్రభువు ష్టెఫాన్ ష్లిక్ 1516లో ఇక్కడ పట్టణాన్ని స్థాపించాడు. 1520లో నాణేల ముద్రణకు అనుమతి లభించింది. 1530ల నాటికి జనాభా సుమారు 18,000కు పెరిగి, బొహీమియాలో ప్రాగ్ తరువాత ఇదే పెద్ద పట్టణమైంది. ఆ సంపద అందరికీ సమంగా అందలేదు. 1525లో గనికార్మికులు తిరుగుబాటు చేశారు. 1528లో ఫెర్డినాండ్ రాజు టంకశాలను ష్లిక్ వంశం చేతుల నుండి తన అధీనంలోకి తెచ్చుకున్నాడు.

ఊరి కట్టడాల్లో ఈ చరిత్ర నేటికీ కనిపిస్తుంది. ఇరుకైన లోయ కావడంతో ఇళ్ళన్నీ ఎగువకు సాగే వీధికి ఇరువైపులా బారులు తీరాయి. ఏటవాలు పైకప్పులు, గోథిక్ శైలి నుండి రినైజాన్స్ శైలికి మారుతున్న కాలపు రాతి ద్వారబంధాలు వీటి ప్రత్యేకత. 1534-36 మధ్య కట్టిన రాజ టంకశాల నేడు మ్యూజియం. 1534-40 మధ్య నిర్మించిన సెయింట్ యోఆఖిమ్ చర్చిని బొహీమియాలో ప్రొటెస్టెంట్ల కోసం కొత్తగా కట్టిన తొలి చర్చిగా చెబుతారు. 1873 అగ్నిప్రమాదంలో అది తీవ్రంగా దెబ్బతిన్నది. సొమ్మున్న చోట రాయి మిగిలింది. సొరంగాల్లో శ్రమించిన వారి గుర్తులు మాత్రం పెద్దగా మిగలలేదు.

వారిని దగ్గరగా చూసిన వైద్యుడొకరున్నారు. గెయోర్గియస్ అగ్రికోలా 1527లో ఈ ఊరికి వైద్యుడిగా వచ్చాడు. ఆయన మరణానంతరం 1556లో వెలువడిన 'డె రె మెటాలికా' గనుల శాస్త్రానికి మూలగ్రంథం. దుమ్ము ఊపిరితిత్తులను తినివేస్తుందని ఆయన అందులో వివరించాడు. సొరంగాలకు గాలి అందించే యంత్రాలనూ, ముఖానికి కట్టుకునే గుడ్డనూ సూచించాడు. కార్పేథియన్ గనుల ప్రాంతంలో ఏడుగురు భర్తలను వరుసగా పోగొట్టుకున్న స్త్రీలున్నారని కూడా రాశాడు. దుమ్ము వల్ల వచ్చే సిలికోసిస్, క్షయ, క్యాన్సర్ అన్నీ ఆనాడు ఒకే 'గని జబ్బు' కింద కలిసిపోయి ఉండేవి.

వెండి తరిగిపోయాక మిగిలింది పిచ్‌బ్లెండ్ అనే నల్లరాయి. వెండి వేటగాళ్ళకు అది పనికిమాలినది. 1789లో క్లాప్రోత్ పిచ్‌బ్లెండ్‌లో యురేనియం కనుగొన్నాడు. 19వ శతాబ్దంలో ఇక్కడ గాజుకు రంగులద్దే యురేనియం లవణాలు తయారు చేశారు. ఆ తయారీలో మిగిలిన వ్యర్థాల నుండే క్యూరీ దంపతులు రేడియంను వేరుచేశారు. 1906లో రేడియోధార్మిక జల చికిత్స మొదలైంది. 1912లో లోయ దిగువన రేడియం పాలస్ అనే విలాసవంతమైన హోటల్ వెలిసింది. ఎగువన గనికార్మికులు, దిగువన స్నానాలకు వచ్చే సంపన్నులు: రెండు చోట్లా ఉన్నది రేడియం నుండి పుట్టే రాడాన్ వాయువే.

రాడాన్ విచ్ఛిన్నమైనప్పుడు పుట్టే పొలోనియం వంటి పరమాణువులు దుమ్మును అంటిపెట్టుకొని శ్వాసనాళాల్లో పేరుకుంటాయి. అవి వెలువరించే ఆల్ఫా కణాలు కణజాలంలోని డీఎన్‌ఏను దెబ్బతీస్తాయి. పర్వతాలకు ఆవలి వైపున, సాక్సనీలోని ష్నీబెర్గ్ గనికార్మికుల్లో అధికశాతం ఊపిరితిత్తుల క్యాన్సర్‌తోనే మరణిస్తున్నారని వైద్యులు హేర్టింగ్, హెస్సే 1879లోనే చెప్పారు. యాఖిమోవ్ కార్మికుల్లోనూ అదే వ్యాధి ఉందని పిర్ఖాన్, షికల్ 1932లో ప్రచురించారు.

ఇంత తెలిశాక కూడా, రెండవ ప్రపంచ యుద్ధానంతరం సోవియట్ అణ్వాయుధాల కోసం ఈ గనులను తిరిగి విస్తృతంగా తవ్వారు. మొదట జర్మన్ యుద్ధఖైదీలను, ఆ తరువాత చెకొస్లొవాక్ కమ్యూనిస్టు ప్రభుత్వం రాజకీయ ఖైదీలను ఈ సొరంగాల్లోకి దింపింది. ఒక వ్యాధికి కారణం తెలుసుకోవడం శాస్త్రం పని. ఆ తెలివిడిని అమలు చేయడం అధికారంలో ఉన్నవారి పని. యాఖిమోవ్‌లో మొదటిది జరిగింది, రెండవది జరగలేదు.

ఇక్కడ యురేనియం తవ్వకం 1960లలో ఆగిపోయింది. 16వ శతాబ్దపు స్వోర్నోస్త్ గని మాత్రం నేటికీ స్నానశాలలకు రాడాన్ నీరు అందిస్తోంది. 2019లో ఈ గనుల ప్రాంతం యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాలో చేరింది. చర్చితోపాటు, ఖైదీలు యురేనియం ధూళిలో పనిచేసిన 'మృత్యు గోపురం' కూడా ఆ వారసత్వంలో భాగమే. వారసత్వమంటే అందమైన కట్టడాలు మాత్రమే కాదని ఆ జాబితా గుర్తించింది.