యుద్ధం జరగని పది నెలలు

2001 డిసెంబర్ 13న పార్లమెంటు భవనంపై దాడి జరిగింది. వారం తిరగకముందే భారత సైన్యం పశ్చిమ సరిహద్దు వైపు కదలసాగింది. ఆపరేషన్ పరాక్రమ్ అని పేరుపెట్టిన ఆ సమీకరణలో సుమారు 5 లక్షల మంది జవాన్లు జమ్మూ నుంచి గుజరాత్ వరకు మోహరించారు. 1971 తర్వాత అంతటి కదలిక దేశం చూడలేదు. 2002 అక్టోబర్ 16న భద్రతా వ్యవహారాల మంత్రివర్గ సంఘం అంతర్జాతీయ సరిహద్దు నుంచి సేనలను వెనక్కి రప్పించాలని నిర్ణయించింది. ఈ మధ్యకాలంలో యుద్ధమే జరగలేదు.

జరగని యుద్ధానికీ ఒక లెక్క తేలింది. పరాక్రమ్ కాలంలో 798 మంది సైనికులను నష్టపోయినట్టు 2003లో నాటి రక్షణ మంత్రి జార్జి ఫెర్నాండెజ్ పార్లమెంటుకు తెలిపారు. 1999 కార్గిల్ పోరులో అమరులైన వారు 527 మంది. పరాక్రమ్ నష్టాలలో గణనీయమైన భాగం మందుపాతరల పాలైంది. పంజాబ్, రాజస్థాన్ పొలాలలో, ఇసుక దిబ్బలలో హడావుడిగా పాతిన మందుపాతరలను మళ్లీ ఒక్కొక్కటిగా చేత్తో వెలికి తీయవలసి వచ్చింది. పాతేటప్పుడు కొందరు, తీసేటప్పుడు కొందరు ప్రాణాలో కాళ్లో పోగొట్టుకున్నారు. అవతలి వైపు నుంచి ఒక్క తూటా రాకపోయినా అది జరిగింది.

అయితే ఆ సంఖ్య శరీరాలకు సంబంధించినది. మనసుల మాట వేరు.

ఆ పది నెలల స్వభావాన్ని గుర్తుచేసుకోవాలి. యుద్ధం రేపోమాపో అన్న స్థితి రెండుసార్లు వచ్చింది. మొదటిది జనవరిలో, రెండవది మే, జూన్ నెలల్లో. రెండుసార్లూ వచ్చినట్టే వచ్చి వెనుదిరిగింది. జవాను కందకంలో చలికాలం గడిపాడు, ఎడారి ఎండాకాలమూ అక్కడే గడిపాడు. సెలవులు కుదించుకుపోయాయి. ఇంటి దగ్గర పొలం తగాదా, చెల్లి పెళ్లి, తల్లి జబ్బు మాత్రం ఆగలేదు. మే 14న జమ్మూ సమీపంలోని కాలూచక్ సైనిక నివాసాలలోకి ఉగ్రవాదులు చొరబడి జరిపిన కాల్పులలో ముప్పై మందికి పైగా మరణించారు. వారిలో జవాన్ల భార్యలు, పిల్లలు ఉన్నారు. సరిహద్దులో ఆయుధం పట్టుకుని నిలబడినవాడికి తన వెనుక ఇల్లు భద్రంగా ఉందన్న ధీమా కూడా ఆ రోజుతో సడలిపోయింది. పోరాటం భయాన్ని పుట్టిస్తుంది, నిజమే. కానీ అది ఎక్కడో ఒకచోట ముగుస్తుంది. అంతులేని ఎదురుచూపుకు ఆ ముగింపు లేదు.

ఈ తేడాను సైనిక వైద్యం గుర్తించడానికి చాలాకాలం పట్టింది. బ్రిటిష్ మనస్తత్వవేత్త చార్లెస్ మయర్స్ 1915లో లాన్సెట్ పత్రికలో 'షెల్ షాక్' అన్న మాటను వైద్యలోకానికి పరిచయం చేశాడు. ఫిరంగి గుండు పేలుడు మెదడును కదిలిస్తుందన్నది ఆ పేరులోని ఊహ. తీరా చూస్తే రోగులలో అనేకులు పేలుడు దరిదాపుల్లో లేనివారు. తాను ప్రాచుర్యంలోకి తెచ్చిన పదం పట్ల మయర్స్‌కే విముఖత కలిగింది. వైద్యులకు నూరేళ్ల కిందట తట్టిన సంగతి భారత పింఛను కార్యాలయాలకు ఇప్పటికీ పూర్తిగా చేరలేదనడం అతిశయోక్తి కాదు.

వైకల్య పింఛను నియమాల కీలకమంతా ఒక్క ప్రశ్నలో ఉంది. వ్యాధి సైనిక సేవ వల్ల కలిగిందా, లేదా సేవ వల్ల ముదిరిందా? రెండూ కాదని మెడికల్ బోర్డు రాస్తే జవాను ఆ పింఛను లేకుండానే ఇంటికి వెళ్తాడు. మానసిక రుగ్మతల విషయంలో బోర్డులు దశాబ్దాలుగా వాడిన సులువైన మాట 'స్వభావసిద్ధం'. అంటే లోపం మనిషిలోనే ఉంది, కొలువుకు సంబంధం లేదు. గుండెలో బుల్లెట్ దిగినవాడి విషయంలో ఈ వాదన ఎవరూ చేయరు. యుద్ధభూమిని చూడని సిగ్నల్స్ ఉద్యోగి, ట్రక్కు నడిపేవాడు, డిపోలో మందుగుండు లెక్కచూసేవాడు, వర్క్‌షాపు మెకానిక్ దీనికి తరచు బలవుతారు. ఆర్డ్‌నెన్స్ కోర్, ఈఎంఈ విభాగాల శిక్షణ కేంద్రాలున్న సికింద్రాబాద్ కంటోన్మెంటు నుంచి ఏటా బయలుదేరే యువకులలో అధికులు ఈ కోవకు చెందినవారే.

2013లో ధరమ్‌వీర్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు ఈ ధోరణిని గట్టిగా అడ్డుకుంది. ఆయన 1985లో సిగ్నల్స్ విభాగంలో చేరిన సిపాయి. మూర్ఛ వ్యాధి కారణంగా 1994లో సేవ నుంచి పంపివేశారు. చేరేనాడు రికార్డులో ఏ జబ్బూ రాయకపోతే జవాను ఆరోగ్యంగా ఉన్నట్టే భావించాలనీ, తర్వాత వచ్చిన క్షీణతకు సేవే కారణమని అనుకోవాలనీ, కాదనే బోర్డు కారణాలు చెప్పాలనీ న్యాయస్థానం తేల్చింది. నిరూపణ భారం జవానుది కాదు. మనోవ్యాధులకూ ఈ సూత్రం అండ అవుతుందని ఆశించినవారికి 2019లో నిరాశ ఎదురైంది. క్రాఫ్ట్స్‌మన్ హోదాలో పనిచేసిన నర్సింగ్ యాదవ్ స్కిజోఫ్రీనియా కేసులో, ఇలాంటి రుగ్మతలు చేరిక నాటి పరీక్షలో బయటపడకపోవచ్చని కోర్టు పేర్కొంది. రికార్డులో లేనంత మాత్రాన సేవ వల్లే వచ్చిందనలేమంటూ అప్పీలును తోసిపుచ్చింది. వైద్యపరంగా అందులో తర్కం లేకపోలేదు. కానీ ఆ తర్కానికి మూల్యం చెల్లించేది ఎప్పుడూ ఒక పక్షమే.

ఇక ప్రాణం తీసుకోబోయి బతికిన జవాను సంగతి. 1950 నాటి ఆర్మీ చట్టం 64వ సెక్షన్ ఆత్మహత్యాయత్నాన్ని ఏడేళ్ల వరకు జైలు విధించదగిన నేరంగా పరిగణిస్తుంది. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం అటువంటి వ్యక్తి తీవ్ర ఒత్తిడిలో ఉన్నట్టు భావించాలని చెప్పింది. సైనిక శాసనంలోని వాక్యం మాత్రం అలాగే నిలిచి ఉంది. సాయం అడగబోయేవాడి నోరు నొక్కడానికి ఆ వాక్యం చాలు.

పరాక్రమ్ తర్వాతి ఏళ్లలో సైన్యంలో ఆత్మహత్యలు ఏటా వందకు అటూ ఇటూ నమోదవుతూ వచ్చాయి. తోటి జవాన్లపై, అధికారులపై కాల్పుల ఘటనలూ జరిగాయి. పార్లమెంటులో ప్రశ్న వచ్చిన ప్రతిసారీ రక్షణ శాఖ సమాధానంలో కుటుంబ సమస్యలు, ఆర్థిక ఇబ్బందులు ముందు వరుసలో ఉంటాయి. ఇందులో పాక్షిక సత్యం ఉంది. జవాన్ల భూవివాదాలను త్వరగా పరిష్కరించాలని ఏ.కె. ఆంటోనీ రక్షణ మంత్రిగా ఉండగా ముఖ్యమంత్రులకు లేఖలు రాయడం దానికి సాక్ష్యం. అయితే ఊళ్లోని గట్టు తగాదా సెలవు దొరికినవాడికి చిరాకు, దొరకనివాడికి నరకం. ఆ సెలవు మంజూరు చేసేది కుటుంబం కాదు. సైన్యం ధర్మగురువులకు కౌన్సెలింగ్ శిక్షణ ఇచ్చింది, ఉత్తర కమాండ్‌లో మిలాప్, సహయోగ్ పేర్లతో కార్యక్రమాలు నడిపింది. 2021 జనవరిలో యునైటెడ్ సర్వీస్ ఇన్‌స్టిట్యూషన్ అధ్యయనం, జవాన్లలో సగానికి పైగా తీవ్ర ఒత్తిడిలో ఉన్నట్టున్నారని అన్నది. నాయకత్వ లోపాలు, పనిభారం, సెలవుల నిరాకరణ వంటి సంస్థాగత కారణాలను అది ఎత్తిచూపింది. సైన్యం ఆ నమూనా చాలా చిన్నదంటూ తిరస్కరించింది. అధ్యయనం వెబ్‌సైటు నుంచి మాయమైంది.

మెడికల్ బోర్డు పత్రాలలో వ్యాధి మొదట ఎక్కడ బయటపడిందో రాసే గడి ఒకటి ఉంటుంది. ఆ చోటు శాంతి ప్రాంతమా, క్షేత్ర ప్రాంతమా అన్నది తర్వాత నిర్ణయాన్ని ప్రభావితం చేస్తుంది. 2002 శీతకాలంలో సరిహద్దు నుంచి కంటోన్మెంటుకు తిరిగివచ్చి, ఆరు నెలల తర్వాత నిద్ర చెడిన జవాను విషయంలో ఆ గడిలో పడేది కంటోన్మెంటు పేరే.