సినిమా గేటు ముందు కొత్తవాడు

తెలుగు సినిమా చరిత్ర పేరుతో మనకు దొరికే పుస్తకాలు చాలావరకు విడుదలైన చిత్రాల చరిత్రలు, కాకపోతే తారల జీవితచరిత్రలు. పనికోసం వచ్చిన కొత్తవాడు ఏ ఊరినుంచి వచ్చాడు, ఎవరి సిఫార్సుతో లోపలికి వెళ్ళాడు, పని నేర్చుకునే రోజుల్లో అతనికి అన్నం ఎవరు పెట్టారు అనే ప్రశ్నలు వాటిలో అరుదు. పైకి వచ్చినవాడు తన తొలినాటి కష్టాలు చెప్పుకుంటే మనం వాటిని పట్టుదలకు నిదర్శనంగా చదివి ఊరుకుంటాం. వెనక్కి తిరిగి ఊరికి వెళ్ళిపోయినవాడి పట్టుదల మనకు తెలియదు. సినిమా ఉత్పత్తి విధానం మారినప్పుడల్లా ఆ గేటు మారింది. గేటుతోపాటు లోపలికి వెళ్ళగలిగిన మనిషీ మారాడు. ఈ మార్పును స్థూలంగానైనా గుర్తించడం ఈ వ్యాసం ఉద్దేశం.

1921లో మద్రాసులో 'భీష్మ ప్రతిజ్ఞ' తీసిన రఘుపతి ప్రకాష్ విదేశాలకు వెళ్ళి పని నేర్చుకోగలిగాడంటే, తండ్రి వెంకయ్య అప్పటికే సినిమా ప్రదర్శనల వ్యాపారంలో ఉండడమే కారణం. ఆయన దగ్గర పని నేర్చుకుని సి. పుల్లయ్య వంటివారు ముందుకు వచ్చారు. నేర్చుకోవడానికి బడి లేదు. పనిచేసే మనిషి పక్కన నిలబడడమే బడి. టాకీ రావడంతో పరిస్థితి మారింది. పద్యం ఎత్తుకోగల గొంతు కావలసివచ్చింది. ఆ గొంతు నాటకరంగంలో ఉంది. బొంబాయిలో తయారై 1932లో విడుదలైన 'భక్త ప్రహ్లాద'లో సురభి కమలాబాయి నటించడం ఇందుకు మొదటి ఉదాహరణ. ఆ రోజుల్లో సినిమాకు ప్రవేశపత్రం నాటకసమాజమే ఇచ్చింది.

నాటకసమాజం అండ లేనివాడి దారి ఎలా ఉండేదో ఎల్.వి. ప్రసాద్ జీవితం చెబుతుంది. ఏలూరు దగ్గరి సోమవరప్పాడు రైతుబిడ్డ. అప్పుల్లో కుటుంబం చితికిపోగా ఒంటరిగా బొంబాయి చేరాడు. ఒక చిత్రసంస్థలో చిల్లరపనులు చేసే కుర్రవాడిగా కుదిరాడు. చిన్న చిన్న వేషాలతో హిందీ, తమిళం, తెలుగు తొలి టాకీలు మూడింటిలోనూ కనిపించాడు. 'మనదేశం' (1949), 'షావుకారు' (1950) చిత్రాల దర్శకుడు కావడానికి ఆయనకు సుమారు ఇరవై ఏళ్ళు పట్టింది. ఈ ఇరవై ఏళ్ళను మనం విజయగాథగా చెప్పుకుంటున్నాం. దీన్ని ఒక శ్రామికుడి సర్వీసు రికార్డుగా చదివి చూడండి, వేరే అర్థం వస్తుంది.

రెండవ ప్రపంచయుద్ధం తర్వాత మద్రాసులో పెద్ద స్టూడియోలు స్థిరపడ్డాయి. వాహినీ, ఆ తరువాత విజయ-వాహినీ ప్రధానమైనవి. ఇక్కడ ఒక ముఖ్యమైన మార్పు వచ్చింది. వడ్రంగి, లైట్‌బాయ్, శబ్దగ్రాహకుడు, కొన్ని సంస్థల్లో రచయిత కూడా నెలజీతం మీద ఉండేవారు. నెలజీతం ఉన్నచోట కొత్తవాడికి నేర్చుకునే వ్యవధి దొరుకుతుంది. వాహినీలో జమాఖర్చులు, నిర్మాణ వ్యవహారాలు చూసిన కె.వి. రెడ్డి 'భక్త పోతన'కు దర్శకుడయ్యాడు. వాహినీలో శబ్దగ్రహణ విభాగంలో చేరిన కె. విశ్వనాథ్, తరువాత ఆదుర్తి సుబ్బారావు దగ్గర పనిచేసి, 'ఆత్మగౌరవం'తో దర్శకుడయ్యాడు. 'మాయాబజార్' (1957) నాటికి కె.వి. రెడ్డి సహాయకుల్లో ఉన్న సింగీతం శ్రీనివాసరావు 'నీతి నిజాయితీ'కి దర్శకత్వం వహించింది 1972లో. పదిహేనేళ్ళ శిష్యరికం!

అయితే స్టూడియో వ్యవస్థను స్వర్ణయుగమని పొగడబోయే ముందు ఒక సంగతి గమనించాలి. మద్రాసులో తెలుగు సినిమాకు చేరిన పెట్టుబడిలో పెద్ద పాలు కృష్ణా, గోదావరి డెల్టాల వ్యవసాయ మిగులుది. డబ్బు వచ్చిన దారినే మనుషులూ వచ్చారు. కంపెనీ ఆఫీసులో "మీది ఏ ఊరు, ఎవరి తాలూకు?" అన్న ప్రశ్నకు సరైన జవాబు చెప్పగలిగినవాడికి తలుపు తొందరగా తెరుచుకుంది. తెలంగాణ, ఉత్తరాంధ్ర, రాయలసీమ పేదకులాల కుర్రవాడికి ఆ జవాబు లేదు. పానగల్ పార్కు బెంచీలమీద ఏళ్ళ తరబడి ఎదురుచూడడానికైనా ఇంటినుంచి మనియార్డరు రావాలి కదా!

రచయితల సంగతి మనకు మరీ దగ్గరిది. 'మహాప్రస్థానం' పుస్తకంగా వచ్చిన 1950లోనే శ్రీశ్రీ 'ఆహుతి'కి మాటలు, పాటలు రాశాడు. అది హిందీనుంచి డబ్బింగు చేసిన చిత్రం. ఒక యుగాన్ని కదిలించిన కవి, తెరమీద వేరే భాషలో కదిలే పెదవులకు తెలుగు మాటలు అతికించే పనితో ఈ రంగంలో నిలదొక్కుకోవలసివచ్చింది. ఇక పేరు లేకుండా రాసిన ఘోస్టు రచయితల లెక్క ఎవరూ తీయలేదు. సాహిత్యంలో కొత్తవాడి రచన చెత్తబుట్టలోకి పోవచ్చు. కాని ఇంకొకరి పేరుతో అచ్చుకావడం మామూలు విషయం కాదు. సినిమాలో అది మామూలు.

ఈ గేటును సమష్టిగా తోసినవారు ప్రజానాట్యమండలి కళాకారులు. నిర్బంధంలో మండలి చెదిరిపోగా చాలామంది మద్రాసు చేరారు. తాతినేని ప్రకాశరావు 'పల్లెటూరు' (1952), గరికపాటి రాజారావు 'పుట్టిల్లు' (1953) తీశారు. జమున, అల్లు రామలింగయ్య 'పుట్టిల్లు'తోనే తెరకు పరిచయమయ్యారు. ఒక ఉద్యమం తన కొత్తవాళ్ళను తానే తయారుచేసుకుని, తానే పరిచయం చేయగలదని అది రుజువు చేసింది. 1980లో విడుదలైన 'మా భూమి' అదే పాఠాన్ని మరోసారి చెప్పింది. ఉద్యమ ప్రభావం తగ్గినప్పుడు ఆ దారి మూసుకుపోయిందనీ చరిత్ర చెబుతోంది.

1965లో విడుదలైన 'తేనెమనసులు' కోసం ఆదుర్తి పత్రికల్లో ప్రకటన ఇచ్చి కొత్తవారిని పిలిచాడు. కృష్ణ, రామ్మోహన్ వంటివారు ఆ విధంగా నాయకులయ్యారు. బహిరంగ ప్రకటన ప్రజాస్వామికమైన పద్ధతే. కాని అది నటులకే పరిమితమైంది. కెమెరా వెనక పనికి ప్రకటన ఇచ్చే ఆచారం రాలేదు. సాంకేతిక శిక్షణకు మద్రాసు అడయారు పాలిటెక్నిక్‌లో 1940లలోనే ఛాయాగ్రహణ, శబ్దగ్రహణ కోర్సులు మొదలయ్యాయి. 1960లో పూనాలో ప్రభుత్వ ఫిలిం ఇన్‌స్టిట్యూట్ వచ్చింది. చదువు సర్టిఫికెట్టు ఇచ్చింది. పని మాత్రం పాత పద్ధతిలోనే, తెలిసినవాడి ద్వారానే దొరికింది.

ఈ దశలోనే కార్మికసంఘాలు బలపడ్డాయి. సంగీత దర్శకుడు ఎం.బి. శ్రీనివాసన్, ఛాయాగ్రాహకుడు నిమాయ్ ఘోష్ వంటి అభ్యుదయవాదులు దక్షిణాదిలో వీటికి పునాది వేసినవారు. సంఘం లేకపోతే బత్తా కూడా చేతికి వచ్చేది కాదు. 1981లో సినీకార్మికుల ఉద్యోగ నియంత్రణ చట్టం లిఖిత ఒప్పందాన్ని తప్పనిసరి చేసింది. ఇవన్నీ పోరాడి సాధించినవే. అయితే హక్కును కాపాడే కార్డే కొత్తవాడికి అడ్డుగోడ కావచ్చు. మేకప్ పనిలో మహిళలకు సభ్యత్వం నిరాకరించిన ఒక సంఘం నిబంధనను సుప్రీంకోర్టు 2014లో కొట్టివేయవలసివచ్చింది. 2025 ఆగస్టులో హైదరాబాదులో వేతనాల కోసం సమ్మె జరిగినప్పుడు, నిర్మాతలు సభ్యత్వ రుసుముల భారాన్ని చూపించి కొత్తవాళ్ళ పక్షం వహించినట్లు మాట్లాడారు. ఆ సానుభూతి వెనక చవకగా శ్రమ కొనుక్కునే ఆలోచన ఉందని వేరే చెప్పనక్కరలేదు. కాని ఆ మాట అనే అవకాశం వారికి ఇచ్చింది మన వైపు లోపమే. రుసుము కట్టలేని కుర్రవాడికి గేటు తెరిచే సంఘమే నిజమైన సంఘం.

పరిశ్రమ హైదరాబాదు వచ్చాక పానగల్ పార్కు స్థానాన్ని కృష్ణానగర్ ఆక్రమించింది. స్టూడియో నెలజీతాలు పోయాయి. చిత్రానికి చిత్రం బేరం మిగిలింది. వీడియో, ఆ తరువాత డిజిటల్ కెమెరా పనిముట్టును చవక చేశాయి. పెళ్ళి వీడియోలు తీసే కుర్రవాడు కూడా ఎడిటింగు నేర్చుకోగలుగుతున్నాడు. ఇది చిన్న విజయం కాదు. కాని పనిముట్టు దొరకడం వేరు, పనికి కూలి దొరకడం వేరు. నేటికీ సహాయ దర్శకుడిగా చేరినవాడిని "ముందు నేర్చుకో, జీతం సంగతి తరువాత" అనడం వింత కాదు. జీతం లేకుండా ఏళ్ళు గడపగలిగినవాడే మిగిలినప్పుడు, రేపటి కథలు ఎవరి ఇళ్ళలోంచి వస్తాయో ఊహించడం కష్టం కాదు.

అందువల్ల తెలుగు సినిమాలో ఫలానా జీవితం ఎందుకు కనిపించదని విమర్శించే మనం, ఆ జీవితం తెలిసినవాడు గేటు దగ్గరే ఎందుకు ఆగిపోయాడో కూడా విచారించాలి. సాహిత్య విద్యార్థులు ఈ పని చేపట్టవచ్చు. పాత సహాయకులు, లైట్‌మెన్, ఘోస్టు రచయితలు ఇంకా కొందరు మన మధ్య ఉన్నారు. వారి మాటలు నమోదు చేయాలి. టైటిల్స్‌లో పేరు పడనివారి చరిత్ర రాయనంతకాలం మన సినిమా విమర్శ సగమే.