వెనిసు నగరపు ఎత్తుపాదుకలు

జలమధ్యమున వెలసిన వెనిసు నగరమున, వీధులు ఇరుకులై, వంతెనలు పెక్కులై, ఆ వంతెనలలో అనేకములకు పిట్టగోడలైనను లేని 15వ శతాబ్దమున, కలిమిగల ఇండ్ల స్త్రీలు నేలకు ఎత్తుగా ‘జోక్కొలి’ యను పాదుకలపై నడచుచుండిరి. కార్కుతోనో తేలిక కొయ్యతోనో మలచి, తోలుగాని మఖమలుగాని తొడిగిన ఈ పాదుకలు, మన పావుకోళ్లనే ఎత్తుపీటలపై నిలిపినట్లుండెడివి. వీధి బురద తగులకుండుటకు ఏర్పడిన వస్తువు క్రమముగా వైభవచిహ్నమయ్యెను. పాదుక ఎంత ఎత్తయిన దానిని కప్పు పావడకు అంత ఎక్కువ పట్టువస్త్రము కావలెను గదా!

ఈ ఆడంబరమునకు మూల్యము చెల్లించినవారు గర్భిణులు. 1430లో వెనిసు మహాసభ ఈ పాదుకల ఎత్తు సుమారు 3 అంగుళములను మించరాదని శాసించుచు, గర్భవతులు వీనిపైనుండి పడుటచే గర్భస్రావములు జరుగుచున్నవని అందుకు కారణమును స్పష్టముగా పేర్కొనెను. నౌకలను గూర్చియు, సుంకములను గూర్చియు, యుద్ధములను గూర్చియు తర్కించు ఆ సభాసదులు ఒక నిండుచూలాలి అడుగు తడబాటును రాజ్యవిషయముగా గ్రహించిరన్న సంగతి నాకు మిక్కిలి గౌరవము పుట్టించుచున్నది. అయినను వారి చింత పుట్టబోవు శిశువును గూర్చినంతగా తల్లిని గూర్చినది కాదనియు చెప్పక తప్పదు.

శాసనము నిలువలేదు. నేటికిని వెనిసులోని కొర్రేరు ప్రదర్శనశాలయందు సుమారు 20 అంగుళముల ఎత్తుగల పాదుకలు కలవు. 1608లో ఆ నగరమును దర్శించిన థామస్ కొర్యాట్ అను ఆంగ్ల యాత్రికుడు, 1611లో ప్రకటించిన తన గ్రంథమున, కులస్త్రీలు పడిపోకుండుటకై పరిచారకుల ఆసరాతో నడచుటను వర్ణించి, ఒంటరిగా ఒక రాతివంతెన మెట్లు దిగుచు కూలిన యొక స్త్రీని తాను చూచితిననియు, అట్టి వ్యర్థపు పాదుకలు ధరించినందున ఆమెపై జాలిపడలేదనియు వ్రాసెను. ఆ కాఠిన్యము న్యాయము కాదు. కులమర్యాద పేరిట సమాజము తొడిగిన పాదుకకు దానిని మోయుచున్న స్త్రీ నొక్కతెనే దోషిని చేయుట యెట్లు?

గర్భిణికి నెలలు నిండుకొలది ఉదరభారము ముందునకు సాగి, నడుము వెనుకకు వంగి, కీళ్లబంధములు సడలి, పాదములు వాచి వెడల్పగును. అట్టి దేహమునకు వలసినది వెడల్పయిన అడుగు, తగ్గుమడమ, జారని పట్టు. 17వ శతాబ్దమున జోక్కొలి క్రమముగా మాసి మడమజోడులు వచ్చినను ఈ అవసరము తీరలేదు. 1781లో డచ్చి శరీరశాస్త్రజ్ఞుడు పేట్రుస్ కాంపర్, ప్రసూతివిద్య నెరిగిన పండితుడయ్యును, ఉత్తమమైన పాదరక్ష ఎట్లుండవలెనను విషయమును చిన్నదని తలపక దానిపైననే యొక గ్రంథము రచించి, ఎత్తుమడమల కీడును అందు చర్చించెను.